తీసివేత తెలిసిన ఇంజనీరు: అలన్ బ్లమ్‌లైన్

 

బడి తెరిచిన రోజు ప్రార్థన మీకు గుర్తుండే ఉంటుంది. మైకు పెట్టగానే స్పీకరులోంచి గుయ్యిమని ఒకటే మోత. పిల్లలు చెవులు మూసుకున్నారు, చిన్న తరగతులవాళ్ళు నవ్వారు. మైకు సెట్టు అతను వచ్చి పాత వైరు తీసేసి, చివర మూడు పిన్నులున్న వేరే వైరు వేశాడు. మోత ఆగిపోయింది. ప్రార్థన సాగింది. ఎవరూ దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

వైరు మారిస్తే మోత ఎందుకు ఆగింది? ఆ మూడు పిన్నుల వైరు వెనక ఒక చిన్న ఉపాయం ఉంది. ఆ ఉపాయాన్ని పని చేయించే సర్క్యూట్లలో ముఖ్యమైనదాన్ని సుమారు 90 ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక ఇంజనీరు కాగితం మీద పెట్టాడు. ఆయన పేరు అలన్ డవర్ బ్లమ్‌లైన్. పుట్టింది జూన్‌లోనే, పోయింది కూడా జూన్‌లోనే. అందుకే ఈ నెల ఆయన జీవితం చెప్పుకుందాం.

గంట బాగుచేసిన పిల్లవాడు

1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో అలన్ పుట్టాడు. నాన్న సెమ్మీ బ్లమ్‌లైన్ జర్మనీలో పుట్టినవాడు, గనుల ఇంజనీరు. తర్వాత బ్రిటిష్ పౌరుడయ్యాడు. అమ్మ జెస్సీ డవర్. ఆమె తండ్రి దక్షిణాఫ్రికా వెళ్ళి స్థిరపడిన స్కాట్లండు మతప్రచారకుడు. అంటే ఒక ఊళ్ళో పుట్టి మరో ఊళ్ళో బతికిన కుటుంబం. మన ఇళ్ళలో చాలావాటి కథ కూడా ఇలాంటిదే కదా.

అలన్‌కి ఏడేళ్ళప్పుడు ఇంటి తలుపు గంట చెడిపోయింది. పిల్లవాడు దాన్ని విప్పి బాగుచేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఒక కాగితం మీద బిల్లు రాసి, కింద తన పేరు, దాని పక్కన ఎలక్ట్రికల్ ఇంజనీరు అని హోదా పెట్టి నాన్న చేతికిచ్చాడు. ఆ బిల్లు మీద డబ్బు ముట్టినట్టు పెన్సిలుతో రాసి కూడా ఉందట. ఇదంతా చూస్తే చాలా చురుకైన పిల్లవాడు అనిపిస్తుంది. నిజమే. కానీ ఇంకో సంగతి ఉంది.

పన్నెండేళ్ళు వచ్చేదాకా ఈ పిల్లవాడికి చదవడం సరిగ్గా రాలేదని ఆయన తోబుట్టువే తర్వాతి రోజుల్లో చెప్పింది. అదే వయసుకి వర్గ సమీకరణాలు మాత్రం బాగానే వచ్చేవట. లెక్క వచ్చేది, అక్షరం వచ్చేది కాదు.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో మరాఠీ మాట్లాడతారు, పుస్తకంలో ఇంగ్లీషు చదువుతారు. మూడు లిపులు. ఏ ఒక్క లిపిలో వెనకబడినా ఇంట్లో వాడికి మొద్దు అని పేరు పడిపోతుంది. చదవడం ఆలస్యమైన ప్రతి పిల్లవాడూ బ్లమ్‌లైన్ అయిపోతాడని చెప్పడం లేదు, అలా చెబితే అబద్ధం. చదవడం ఆలస్యమైనంత మాత్రాన బుర్ర లేనట్టు కాదు అని మాత్రం చెబుతున్నాం. అలన్‌కి కూడా చదువు దానంతటదే రాలేదు, నేర్చుకుంటేనే వచ్చింది. మీ పిల్లవాడికి చదవడం కష్టంగా ఉంటే దాచిపెట్టకండి, తిట్టకండి. వచ్చి క్లాస్ టీచరుతో మాట్లాడండి.

అలన్ హైగేట్ స్కూల్లో చదివి, 1921లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో భాగమైన సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో చేరాడు. స్కాలర్‌షిప్పు వచ్చింది, నేరుగా రెండో సంవత్సరంలో కూర్చోబెట్టారు. రెండేళ్ళలో ఫస్ట్ క్లాసులో బీఎస్సీ పూర్తిచేశాడు.

టెలిఫోను నుంచి గ్రామఫోనుకి

1924లో ఒక టెలిఫోను పరికరాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో దూరం ఊళ్ళకి ఫోను చేస్తే పక్క లైనులో ఎవరో మాట్లాడుకునే మాటలు కూడా వినిపించేవి. పక్కపక్కనే సాగే తీగల్లో ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి దూరడమే దీనికి కారణం. దీన్ని తగ్గించడం మీద అలన్ పనిచేశాడు. తీగల్లోకి పిలవకుండా వచ్చే మోతతో ఆయన పోట్లాట ఇక్కడే మొదలైంది. అది చాలా ఏళ్ళు సాగింది.

1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీకి మారాడు. అక్కడ ఆయన పై అధికారి ఐజక్ షోన్‌బర్గ్, రష్యా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డవాడు. అప్పట్లో రికార్డుల మీద గాడి కోసే యంత్రాల పేటెంట్లు అమెరికా వాళ్ళ చేతిలో ఉండేవి. ప్రతి రికార్డుకీ వాళ్ళకి డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ పేటెంట్లకి అడ్డురాని కొత్త పద్ధతి కావాలని షోన్‌బర్గ్ అడిగాడు. అలన్ తన సహచరులతో కలిసి వేరే పద్ధతిలో నడిచే కోత యంత్రం తయారుచేసి పెట్టాడు. 1931లో కొలంబియా, గ్రామఫోను కంపెనీ కలిసిపోయి ఈఎంఐ అనే పెద్ద సంస్థ అయింది. లండన్ పడమర శివారులో హేస్ అనే చోట దాని పరిశోధనశాల ఉండేది. అలన్ తర్వాత చేసిన ముఖ్యమైన పనులన్నీ అక్కడివే.

సినిమా హాల్లో పుట్టిన ఆలోచన

1931లో ఒకరోజు అలన్ డోరీన్ లేన్‌తో సినిమాకి వెళ్ళాడు. రెండేళ్ళ తర్వాత ఆయన పెళ్ళి చేసుకున్నది ఈమెనే. మాటల సినిమాలు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. తెర మీద నటుడు ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాడు, మాట మాత్రం ఒకే స్పీకరులోంచి, ఒకే చోటు నుంచి వస్తోంది. మనిషి ఒకచోట, గొంతు ఒకచోట. మిగతావాళ్ళు సినిమా చూశారు. అలన్‌కి మాత్రం ఇదే పట్టుకుంది. గొంతు మనిషి వెంట నడవాలి, దానికో దారి ఉందని డోరీన్‌తో అన్నాడట.

1931 డిసెంబరు 14న ఆయన పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అందులో ఒకటి కాదు, రెండు కాదు, 70 అంశాలు ఉన్నాయి. ఈ రోజు మనం స్టీరియో అని పిలిచేదాని పునాది చాలావరకు అందులోనే ఉంది. రెండు మైకులు ఎలా పెట్టాలి, రెండు స్పీకర్లకి ఎలా పంపాలి, సినిమా ఫిల్ము మీద ఎలా ఎక్కించాలి, రికార్డులోని ఒకే గాడిలో రెండు శబ్దాలు ఎలా కొయ్యాలి, అన్నీ రాశాడు. గాడికి రెండు గోడలు ఉంటాయి కదా. ఒక్కో గోడా 45 డిగ్రీల వాలులో ఉంటే, ఒక గోడ మీద కుడి శబ్దం, ఇంకో గోడ మీద ఎడమ శబ్దం కోసేయొచ్చు. ముల్లు ఒక్కటే, శబ్దాలు రెండు.

అందులో ఇంకో ఉపాయం కూడా ఉంది. కుడి, ఎడమ సంకేతాలను కలిపితే ఒక సంకేతం, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే మరో సంకేతం వస్తాయి. ఈ కూడికనీ తీసివేతనీ పెంచి తగ్గించి మళ్ళీ కలిపితే శబ్దం ఎటు నుంచి వస్తోందో మార్చుకోవచ్చు. రెండో తరగతిలో మనం నేర్చుకునే కూడిక, తీసివేతలే ఇవి. తీసివేతను ఆయన ఆ తర్వాత కూడా వదల్లేదు.

1934 జనవరిలో లండన్ ఆబే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ వాద్యబృందం మోజార్ట్ సింఫనీ వాయిస్తుంటే దాన్ని ఈ పద్ధతిలో రికార్డు చేశారు. 1935లో హేస్ రైల్వే స్టేషన్‌లో వచ్చీపోయే రైళ్ళని స్టీరియో శబ్దంతో చిన్న సినిమాగా తీశారు. రైలు ఎటు కదిలితే చప్పుడు అటు కదిలింది. అంతా బాగానే ఉంది కానీ కంపెనీ దృష్టి అప్పటికే టెలివిజన్ మీదికి మళ్ళింది. స్టీరియో పని అటకెక్కింది. స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చేసరికి 1950లు అయిపోవచ్చాయి. అప్పటికి అలన్ పోయి 15 ఏళ్ళు దాటింది.

పట్టాభిషేకం, పొడుగు తోక

టెలివిజన్ కోసం షోన్‌బర్గ్ పెద్ద బృందాన్ని చేర్చాడు. అందులో సర్క్యూట్లకి పెద్ద దిక్కు అలనే. 1936 నవంబరు 2న బీబీసీ లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టెలివిజన్ ప్రసారం మొదలుపెట్టింది. మొదట్లో రెండు పద్ధతులు పోటీపడ్డాయి. జాన్ లోగీ బేయర్డ్‌ది 240 గీతల బొమ్మ, మార్కోనీ-ఈఎంఐ వాళ్ళది 405 గీతల బొమ్మ. రెండూ వంతులవారీగా నడిచాయి. కొన్ని నెలలు తిరక్కుండానే బేయర్డ్ పద్ధతిని ఆపేశారు. 405 గీతల పద్ధతి బ్రిటన్‌లో సుమారు 50 ఏళ్ళు నిలిచింది.

1937 మే 12న ఆరో జార్జి పట్టాభిషేకం. ఊరేగింపును ఇళ్ళలో టీవీలో చూపించాలి. కెమెరాలు లండన్ నడిబొడ్డున హైడ్ పార్క్ కార్నర్ దగ్గర, ప్రసార కేంద్రం మైళ్ళ దూరంలో అలెగ్జాండ్రా ప్యాలెస్ కొండ మీద. మధ్యలో వీధుల కింద కేబులు. నగరం నిండా మోటార్లు, ట్రాములు, కరెంటు తీగలు. అన్నీ కలిసి కేబులులోకి మోతను తోస్తాయి. మాటలో మోత దూరితే గుయ్యిమంటుంది, బొమ్మలో దూరితే గీతలు పడతాయి.

ఇప్పుడు ఆ ఉపాయం చూద్దాం. పిల్లలూ, కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక తీగ బదులు రెండు తీగలు వేయండి. ఒకదాని మీద సంకేతాన్ని +5గా పంపండి, రెండోదాని మీద తిప్పి -5గా పంపండి. దారిలో మోత వచ్చి కలిసింది, అది 2 అనుకుందాం. రెండు తీగలూ పక్కపక్కనే మెలివేసుకుని ఉన్నాయి కాబట్టి రెండింటిలోనూ అదే 2 కలుస్తుంది. అవతలి చివర మొదటి తీగ మీద 7, రెండో తీగ మీద -3 ఉంటాయి. ఇప్పుడు మొదటిదాన్నుంచి రెండోదాన్ని తీసేయండి. 7 లోంచి -3 తీసేస్తే 10. మోత ఎక్కడికి పోయింది? తీసివేతలో పోయింది. 2 బదులు 200 మోత కలిపి చూడండి. జవాబు మళ్ళీ 10 వస్తుంది. మన ప్రార్థన మైకు వైరులో మూడు పిన్నులు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. రెండు పిన్నులు ఈ రెండు తీగలకి, మూడోది పైన కప్పిన తొడుగుకి.

కాగితం మీద తీసివేత సులువే. సర్క్యూటులో ఎవరు తీసేస్తారు? దానికోసం అలన్ 1936లో ఒక పేటెంటు దరఖాస్తు పెట్టాడు. రెండు వాల్వులు పక్కపక్కన పెట్టి, వాటి కింది కాళ్ళు ఒకచోట కలిపి, అక్కణ్ణుంచి ఒక పెద్ద రెసిస్టరు దించాడు. బొమ్మలో అది కిందికి పొడుగ్గా వేలాడుతుంది. అందుకే దీనికి పొడుగు తోక జంట అని పేరొచ్చింది.

ఇదెలా పనిచేస్తుందో కాలవతో చెబుతాం. పెద్ద తూములోంచి ఎప్పుడూ ఒకే మోతాదులో నీళ్ళు వస్తున్నాయనుకోండి. అవి రెండు పిల్లకాలవల్లోకి చీలుతున్నాయి. రెండింటికీ తలుపులు ఉన్నాయి. రెండు తలుపులూ ఒకేసారి ఒకేలా పైకెత్తితే ఏమవుతుంది? ఏమీ అవదు. వచ్చే నీళ్ళే అంత, చెరి సగం పోతాయి. ఒక తలుపు కొంచెం ఎత్తి, రెండోది కొంచెం దించితే? అటు నీళ్ళు పెరుగుతాయి, ఇటు తగ్గుతాయి. రెండింటికీ సమానంగా జరిగేదాన్ని ఈ సర్క్యూటు పట్టించుకోదు, తేడాని మాత్రమే పెంచి చూపిస్తుంది. తోకలోని ఆ పెద్ద రెసిస్టరే మన తూము. అది మొత్తం కరెంటుని దాదాపు మారకుండా పట్టి ఉంచుతుంది. దీన్నే డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్ అంటారు.

తోకను సవరిస్తే

అలన్ వాడినవి వాల్వులు. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, దాన్ని ఆయన చూడనే లేదు. అయినా వాల్వులు తీసి వాటి చోట ట్రాన్సిస్టర్లు పెడితే ఆయన బొమ్మ అలాగే పనికొచ్చింది. ఇంకా బాగా పనికొచ్చింది అని కూడా అనొచ్చు. పై తరగతుల పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి, మిగతావాళ్ళు దాటేసినా ఫరవాలేదు.

రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు తీసుకోండి. రెండింటి ఎమిటర్లూ కలపండి. ఒక్కో కలెక్టరు నుంచి 4.7 కిలో ఓముల రెసిస్టరు +9 వోల్టుల వైపు కలపండి. ఒక్కో బేస్ నుంచి 10 కిలో ఓముల రెసిస్టరు గ్రౌండుకి కలపండి. కలిసిన ఎమిటర్ల నుంచి తోకగా 8.2 కిలో ఓముల రెసిస్టరు -9 వోల్టుల వైపు దించండి. రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు, వాటి మధ్య కలిసేచోటే గ్రౌండు.

ఎమిటర్లు గ్రౌండు కంటే సుమారు 0.6 వోల్టులు కిందుంటాయి. కాబట్టి తోక మీద 8.4 వోల్టులు పడతాయి, అందులో దాదాపు 1 మిల్లీఆంపియరు పారుతుంది. ఒక్కో ట్రాన్సిస్టరుకి సగం, అంటే 0.5 మిల్లీఆంపియరు. ట్రాన్సిస్టరు లోపల ఎమిటర్ దగ్గర ఒక చిన్న రెసిస్టెన్సు ఉన్నట్టు లెక్క వేసుకుంటాం. గది వేడిమిలో 25 మిల్లీవోల్టుల్ని ఎమిటర్ కరెంటుతో భాగిస్తే అది వస్తుంది. 25ని 0.5తో భాగిస్తే 50 ఓములు. ఇప్పుడు 4700ని 50తో భాగించండి, 94. అంటే రెండు బేసుల మధ్య తేడా 1 మిల్లీవోల్టు ఉంటే రెండు కలెక్టర్ల మధ్య తేడా సుమారు 94 మిల్లీవోల్టులు. దీన్నే గెయిన్ అంటారు.

ఇప్పుడు తోకలో 8.2 కిలో ఓములకి తోడుగా 100 కిలో ఓముల తిప్పుడు రెసిస్టరు, అంటే రేడియో వాల్యూము బుడిపె లాంటిది, వరసలో పెట్టండి. పూర్తిగా తిప్పితే తోకలో కరెంటు 0.08 మిల్లీఆంపియరుకి పడిపోతుంది. లోపలి రెసిస్టెన్సు 600 ఓములు దాటుతుంది. గెయిన్ 94 నుంచి 7 దగ్గరికి దిగిపోతుంది. సంకేతం పోయే దారిని మనం ముట్టుకోలేదు, తోకలో కరెంటు మాత్రమే తగ్గించాం. కాలవ లెక్కలో చెప్పాలంటే తూము దించాం. తలుపులు అంతే తేడాగా కదిలినా, మొత్తం నీళ్ళే తక్కువ కాబట్టి అటూ ఇటూ మారే నీళ్ళు కూడా తక్కువ.

దీని లాభం ఏమిటంటే, ఆ కరెంటుని మనిషే తిప్పక్కర్లేదు. ఇంకో సర్క్యూటు తిప్పొచ్చు. దగ్గరి రేడియో స్టేషన్ గట్టిగా, దూరపు స్టేషన్ మెల్లగా వినపడకుండా రేడియో తనంతట తానే సరిచేసుకోవాలంటే ఇలాంటి మారే గెయినే కావాలి. 1968లో బ్యారీ గిల్బర్ట్ అనే ఇంజనీరు ఇలాంటి జంటలని ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు సంకేతాలని గుణించే సర్క్యూటు గురించి రాశాడు. ఆ వంశం సర్క్యూట్లు సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చాయి.

మూడు జాగ్రత్తలు. ఒకటి, ఈ జంటకి చిన్న సంకేతమే ఇవ్వాలి, 10 మిల్లీవోల్టుల లోపు అయితే మంచిది. బేసుల మధ్య తేడా 60 మిల్లీవోల్టులు అయితే చాలు, ఒక ట్రాన్సిస్టరు రెండోదానికంటే పది రెట్లు కరెంటు లాగేసుకుంటుంది, అప్పుడు సంకేతం ఆకారం చెడిపోతుంది. రెండు, బుడిపె తిప్పితే రెండు కలెక్టర్ల వోల్టేజీ కూడా కలిసి 2 వోల్టుల దాకా పైకి లేస్తుంది. అందుకని అవుట్‌పుట్ ఒక్క కలెక్టరు నుంచి కాకుండా రెండింటి మధ్య తీసుకోండి. రెండూ సమానంగా లేచాయి కాబట్టి తీసివేతలో అది కూడా పోతుంది. మూడు, రెండు ట్రాన్సిస్టర్లూ కవలల్లా ఉండాలి. ఒకటి వేడెక్కితే డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున దాని లెక్క మారిపోతుంది. రెండింటినీ ఆనించి దారంతో కట్టేస్తే ఒకే వేడిమిలో ఉంటాయి. ఐసీల్లో అయితే రెండూ ఒకే ముక్క మీద పక్కపక్కనే పుడతాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. మీరు బజారులో కొనే ఆప్-ఆంప్ ఐసీల్లో చాలావాటి గుమ్మంలో కాపలా ఉండేది ఈ జంటే.

ఆసుపత్రిలో ఈసీజీ తీయడం చూశారా? గుండె నుంచి చర్మం దాకా వచ్చే సంకేతం సుమారు 1 మిల్లీవోల్టు. గదిలోని 50 సైకిళ్ళ కరెంటు మన ఒంట్లోకి తోసే మోత దానికంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. చేతులకీ కాళ్ళకీ తీగలు కట్టి, మోతను తీసివేతలో పోగొట్టి, గుండె సంకేతాన్ని మాత్రమే పెంచుతారు. మీ తాతయ్యకో నానమ్మకో తీసిన ఆ కాగితం మీది గీతలో బ్లమ్‌లైన్ పని ఉంది.

ఆఖరి ప్రయాణం

యుద్ధం వచ్చింది. 1939లో టెలివిజన్ ఆగిపోయింది. టీవీ సర్క్యూట్లు తెలిసినవాళ్ళే రాడారుకి కూడా కావలసి వచ్చారు. అలన్ రాడారు పనిలోకి దిగాడు. విమానం కింద ఉన్న నేలను రాత్రి వేళ, మబ్బుల్లోంచి కూడా బొమ్మలా చూపించే రాడారు ఒకటి తయారవుతోంది. దాని పేరు హెచ్‌టూఎస్. ఆ పనికి పెద్దగా బెర్నార్డ్ లోవెల్ ఉండేవాడు. ఈఎంఐ బృందం తరఫున అలన్ అందులో ముఖ్యుడు.

1942 జూన్ 7, ఆదివారం. డెఫర్డ్ విమానాశ్రయం నుంచి వీ9977 నంబరు హాలిఫాక్స్ విమానం పరీక్ష కోసం లేచింది. లోపల 11 మంది. అలన్, ఆయన ఈఎంఐ సహచరులు సిసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ వాళ్ళలో ఉన్నారు. గాల్లో ఉండగా కుడివైపు చివరి ఇంజనుకి మంట అంటుకుంది. మంట ఆరలేదు, రెక్కకి పాకింది. వేల్సు సరిహద్దు దగ్గర వై నది ఒడ్డున వెల్ష్ బిక్నర్ అనే ఊరి పొలాల్లో విమానం కూలిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. అలన్ వయసు 38. ఇంట్లో డోరీన్, ఇద్దరు చిన్నపిల్లలు సైమన్, డేవిడ్ ఉన్నారు.

ఎందుకు జరిగింది? తర్వాత శకలాలు పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, ఇంజనులో ఒక వాల్వు దగ్గరి చిన్న నట్టు సరిగ్గా బిగించలేదు. అది వదులై, వాల్వు విరిగి, ఇంధనం అంటుకుంది. పిల్లలూ, ల్యాబులో స్క్రూ బిగించావా అని మాస్టారు రెండుసార్లు అడిగితే చిరాకు పడకండి.

పని మాత్రం ఆగలేదు. మిగిలినవాళ్ళు దాన్ని పూర్తి చేశారు. 1943 జనవరి చివర్లో హెచ్‌టూఎస్ పెట్టుకున్న బ్రిటిష్ విమానాలు మొదటిసారి జర్మనీలోని హాంబర్గ్ మీదికి వెళ్ళాయి. అదే ఏడు సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతకడానికి కూడా ఆ జాతి రాడారు ఉపయోగపడింది. తన నాన్న పుట్టిన దేశపు ఊళ్ళని చీకట్లో వెతికే పరికరం కోసం అలన్ ప్రాణం పోయింది. ఈ మాట చెప్పకుండా దాటేయడం సరికాదు. యుద్ధం మంచి ఇంజనీర్లతో కూడా ఇలాంటి పనులు చేయిస్తుంది.

మరుగున పడ్డ పేరు

రాడారు రహస్యం కాబట్టి మరణవార్త కూడా రహస్యమే అయింది. అంత పెద్ద ఇంజనీరు పోతే వెంటనే పత్రికల్లో సంతాపం రాలేదు. 38 ఏళ్ళకే 128 పేటెంట్లు రాసినవాడని జనానికి తెలియనే లేదు. యుద్ధం అయ్యాక కూడా ఆయన పేరు పెద్దగా బయటికి రాలేదు. జీవితచరిత్ర కోసం పోగుచేసిన కాగితాలు దశాబ్దాలపాటు పుస్తకం కాకుండానే ఉండిపోయాయి. చివరికి 1999లో ఒకటి, 2000లో ఒకటి, రెండు జీవితచరిత్రలు వచ్చాయి.

1977లో లండన్ ఈలింగ్‌లో ఆయన ఉన్న ఇంటి గోడకి నీలం ఫలకం పెట్టారు. విమానం కూలిన చోటికి దగ్గర్లో ఉన్న గుడ్‌రిచ్ కోటలోని ప్రార్థనామందిరంలో రాడారు పనిలో పోయినవాళ్ళ గుర్తుగా రంగుటద్దాల కిటికీ ఉంది. 2015లో ఆబే రోడ్ స్టూడియోలో స్టీరియో ఆవిష్కరణకి ఫలకం పెట్టారు. 2017లో, అంటే పోయిన 75 ఏళ్ళకి, ఆయన పేరు మీద సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు. తీసుకోవడానికి ఆయన లేడు. కానీ రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటూ బడికొచ్చే పిల్లలున్నారు కదా, ఆ పాటలో వీణ ఎడమ నుంచి, మృదంగం కుడి నుంచి వినిపిస్తే అది ఆయన సినిమా హాల్లో అనుకున్న మాటే.

ఇక మన పని

9, 10 తరగతుల పిల్లల్లో పైన చెప్పిన రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూటు చేయాలని ఉన్నవాళ్ళు సైన్సు మాస్టారికి పేరు ఇవ్వండి. ల్యాబులో కూర్చుని కలిసి చేద్దాం. బ్యాటరీలతో మాత్రమే చేయాలి. ఇంట్లో గోడ ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్ళవద్దు. కావలసిన సామాను అంతా కలిపినా పెద్ద ఖర్చు కాదు, తల్లిదండ్రులు కంగారు పడక్కర్లేదు.

చిన్న తరగతుల పిల్లలకి ఒక లెక్క. మొదటి తీగ మీద 12, రెండో తీగ మీద 4 ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే మోత కలిసింది. పంపిన సంకేతం ఒకదాని మీద ఎంతో, రెండోదాని మీద దానికి సరిగ్గా వ్యతిరేకం. సంకేతం ఎంత? మోత ఎంత? జవాబు నోటుబుక్కులో రాసి తెచ్చి చూపించండి.

ఇంట్లో తలుపు గంటో, టార్చిలైటో విప్పి కూర్చున్న పిల్లవాడు కనిపిస్తే వెంటనే కేకలెయ్యకండి. ముందు బ్యాటరీ తీసి ఉందో లేదో చూడండి. తీసి ఉంటే కాసేపు వాడిని వాడి పని చేసుకోనివ్వండి. బాగుచేస్తే బిల్లు రాయమని అడగండి. ఎలా రాసినా సరే, మూడు లిపుల్లో ఏ లిపిలో రాసినా సరే.